క్లారిస్ చావలేదురా!

ఒరేయ్ డైరెక్టరూ,

నీ ఉత్తరం వచ్చి చాలాకాలమైంది. జవాబు రాయనందుకు నువ్వు నన్ను ఏమేం తిట్టుకుని ఉంటావో నాకు తెలుసు. ఆ తిట్లలో సగం నేను నేర్పినవే కాబట్టి కొత్తగా బాధేమీ లేదు. క్షమించెయ్. ఇంట్లో అందరూ బాగున్నారు, నా నడుంనొప్పి తగ్గింది, ఉద్యోగం గురించి అడక్కు. అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు. కబుర్లు ఇంతటితో సమాప్తం.

ఇప్పుడు అసలు సంగతి. క్లారిస్ చావలేదురా!

ఏ క్లారిస్ అని మాత్రం అడిగావంటే మళ్ళీ ఉత్తరం రాయను. కాలేజీ రోజుల్లో అట్ట లేని ఒకే ఒక్క బ్రాడ్‌బరీ ‘ఫారన్‌హీట్ 451’ని ముగ్గురం వంతులేసుకుని చదివాం కదా, అందులో పక్కింటి పిల్ల. పుస్తకాలు తగలబెట్టడమే ఉద్యోగంగా బతుకుతున్న మాంటాగ్‌ని, నువ్వు సంతోషంగానే ఉన్నావా అని ఒక్క మాట అడిగి వాడి నిద్ర పోగొట్టిన పిల్ల. నవల పూర్తిగా ఊపందుకోకముందే మాయమైపోతుంది. కారు గుద్దేసిందట, పోయిందనుకుంటా అని మాంటాగ్ పెళ్ళాం ఏదో మర్చిపోయిన పని గుర్తొచ్చినట్టు చెప్పేస్తుంది. అంతే. ఆ పేజీ దగ్గరే నువ్వు పుస్తకాన్ని గోడకేసి కొట్టావు. అట్ట ఊడింది అప్పుడే కదూ?

నిన్న రాత్రి ఫ్రాన్స్వా త్రూఫో తీసిన సినిమా చూశాను. 1966 నాటిది. ఆయనకది మొదటి కలర్ సినిమా, ఇంగ్లిష్‌లో తీసిన ఒకే ఒక్క సినిమా కూడా అదే. చదివిన పుస్తకాన్ని తెర మీద చూడనని నువ్వు ఒట్టు పెట్టుకున్నావు (ఆ ఒట్టు వెనకున్న ఇంటర్వెల్ గొడవ ఇక్కడ రాయను, ఈ ఉత్తరం ఎవరి చేతిలోనైనా పడితే ఇద్దరి పరువూ పోతుంది). కాబట్టి నువ్వు చూసి ఉండవు. నేనే చెప్తాను, కుదురుగా కూర్చుని విను.

మొదలవగానే ఇళ్ళ కప్పులు, వాటి మీద టీవీ యాంటెనాలు. ఒక్కో యాంటెనా మీదికి కెమెరా సర్రున దూసుకెళ్తుంది, ఫ్రేమంతా ఒక్కోసారి ఒక్కో రంగులోకి మారిపోతుంది. పేర్లు పడవు. ఒక్క అక్షరం కూడా పడదు! ఎవరిదో గొంతు మాత్రం, ఏ భావమూ లేకుండా, నటులెవరో, సంగీతం ఎవరిదో చదువుకుంటూ పోతుంది. చదవడం నేరమైన లోకంలో తీసిన సినిమాకి టైటిల్స్ ఎందుకుంటాయి మరి? ఆ లోకపు చట్టాన్ని కథలో పెట్టి వదిలేయకుండా తన సినిమాకే వర్తింపజేశాడు చూడు. ఆ కాసేపట్లోనే మనిషి మీద నమ్మకం కుదిరిపోయింది. కాసేపటికి మాంటాగ్ పేపరు చూస్తుంటాడు, పేపరు నిండా బొమ్మలే. మాటల్లేని కామిక్స్. ఎవరూ దాని గురించి మాట్లాడరు, మనకి వివరించరు. అలా వెళ్ళిపోతుంది.

ఇంకా ఉంది, ఆగు. ఒక రాత్రి మాంటాగ్ దొంగచాటుగా తన మొదటి పుస్తకం తెరుస్తాడు. ‘డేవిడ్ కాపర్‌ఫీల్డ్’. అక్షరాల కింద వేలు పెట్టుకుని, కూడబలుక్కుంటూ చదువుతాడు. ఏం చదువుతాడనుకున్నావ్? కథ కాదు. ముందు లోపలి పేజీ! పుస్తకం పేరు, డికెన్స్ పేరు, బొమ్మలు వేసినాయన పేరు, అచ్చేసిన కంపెనీ పేరు, ఒక్కటి కూడా వదలడు. ఆ తర్వాతే మొదటి అధ్యాయం. సినిమాకి వేసుకోని టైటిల్స్‌ని త్రూఫో తీసుకొచ్చి అక్కడ పుస్తకానికి వేశాడురా! నేను ఆపి, వెనక్కి తిప్పి మళ్ళీ చూశాను. నవల్లో ఈ సీను లేదు. నవల్లో మాంటాగ్, వాడి భార్య కలిసి చదవడం మొదలుపెట్టేది వేరే పుస్తకం. త్రూఫో సొంతంగా కల్పించింది ఇది, కానీ బ్రాడ్‌బరీ రాశాడంటే ఎవరైనా నమ్ముతారు.

అంతా అద్భుతం అనుకోకు. మాంటాగ్‌గా వేసిన ఆస్కార్ వెర్నర్ చాలా చోట్ల కొయ్యబొమ్మలా ఉన్నాడు. షూటింగ్‌లో ఆయనకీ త్రూఫోకీ పడలేదు, అది తెర మీద కూడా తెలిసిపోతోంది. నీ ప్రాణమైన యాంత్రిక కుక్క అసలు లేనే లేదు, ఏడవకు. దాని బదులు వీపున యంత్రాలు కట్టుకున్న పోలీసులు గాల్లో ఎగురుతూ మాంటాగ్ కోసం వెతుకుతారు. నువ్వుంటే ఆ సీనుకి ఈల వేసేవాడివి, మంచి అర్థంలో కాదు. నవల చివర్లో నగరం మీద బాంబులు పడతాయి కదా, అదీ లేదు.

ఇక క్లారిస్. జూలీ క్రిస్టీ చేత రెండు పాత్రలూ వేయించాడు. మాంటాగ్ భార్యా ఆమే, క్లారిసూ ఆమే. ఒకరికి పొడుగు జుట్టు, ఒకరికి పొట్టి జుట్టు. తెరకి అతుక్కుపోయిన పెళ్ళాం ముఖం, ఎదురుగా ఉన్న మనిషిని నిజంగా చూసే పిల్ల ముఖం ఒకటే అయితే ఎలా ఉంటుందో ఆలోచించు. మొదటి అరగంట నాకు చిరాకేసింది. తర్వాత్తర్వాత, మాంటాగ్ ఇంటికొచ్చి భార్య వైపు చూసిన ప్రతిసారీ వాడు ఎవరి కోసం వెతుకుతున్నాడో అర్థమవడం మొదలైంది. క్లారిస్ ఇంటి మీద దాడి జరుగుతుంది, ఆ పిల్ల తప్పించుకుంటుంది. చివర్లో, ఒక్కో మనిషీ ఒక్కో పుస్తకాన్ని కంఠస్థం చేసి బతికిస్తున్న ఆ అడవిలోకి మాంటాగ్ చేరేసరికి అక్కడుంటుంది! బతికి! మంచు కురుస్తూ ఉంటుంది, అది కూడా షూటింగ్ రోజున అనుకోకుండా పడ్డ మంచట, ఆపకుండా అందులోనే తీసేశాడు. మనుషులు అటూ ఇటూ నడుస్తూ ఎవరి పుస్తకం వాళ్ళు వల్లె వేసుకుంటుంటారు. రకరకాల గొంతులు, ఒకదానిలో ఒకటి కలిసిపోయి. ఒక ముసలాయన చనిపోబోతూ ఒక కుర్రాడికి తన పుస్తకం అప్పజెప్తుంటాడు, స్టీవెన్సన్ పూర్తి చేయకుండానే పోయిన నవల అది. కుర్రాడు ఒక వాక్యం దగ్గర తడబడతాడు, మళ్ళీ అందుకుంటాడు.

నాకు మన మూడో కుర్చీ గుర్తొచ్చింది. వాడుంటే ఏ పుస్తకం అయ్యేవాడో నీకూ తెలుసు, నాకూ తెలుసు. అదీ సగమే. మిగతా సగం ఎవరికి… సరే, వద్దులే.

ఇంతవరకూ సినిమా. ఉత్తరం రాయడానికి కారణం ఆ తర్వాత తెలిసిన విషయం. 1953లో నవల రాసిన బ్రాడ్‌బరీ 1970ల చివర్లో తనే దాన్ని నాటకంగా మార్చాడు. అందులో క్లారిస్‌ని బతికించాడు! త్రూఫో ఆ పిల్లని కాపాడి పుస్తకమనుషుల మధ్యకి చేర్చాడని, తనకీ ఆమెని కాపాడాలనే అనిపించిందని తర్వాత నవలకి జతచేసిన వెనకమాటలో ఆయనే రాసుకున్నాడు. అంటే ఒక రచయిత చంపేసిన పిల్లని ఒక దర్శకుడు బతికిస్తే, రచయిత ఆ దర్శకుడి మాట విన్నాడన్నమాట. మాంటాగ్ లాంటి పుస్తకాలు తగలబెట్టే ఫైర్‌మన్ల పెద్ద బీటీ ఇంట్లో రహస్యంగా పెద్ద లైబ్రరీ ఉందని కూడా ఆ నాటకంలో కొత్తగా చేర్చాడు. అది వేరే ఉత్తరానికి సరిపడా సంగతి.

కానీ నవలని మాత్రం ముట్టుకోలేదు. ఎప్పుడో ఒక కుర్రవాడు రాసినదాన్ని దిద్దే హక్కు ఎవరికీ లేదు, ఆ కుర్రవాడు తనే అయినా సరే, అన్నది ఆయన పద్ధతి. అందుకని నవల్లో క్లారిస్ ఇప్పటికీ పోతూనే ఉంది, నాటకంలో బతికే ఉంది. నువ్వు గోడకేసి కొట్టింది వృథా పోలేదు, చేరాల్సిన చోటికి ఎలాగో చేరింది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానో ఈపాటికి నీకు అర్థమై, మొహం ముడుచుకుని ఉంటావు. నీ స్క్రిప్టు. నిర్మాత ముగింపు మార్చమంటున్నాడనీ, కథలో ఒక్క అక్షరం మారినా రచయితకి ద్రోహమేననీ రాశావు. ఉత్తరంలో ఆ వాక్యం కింద రెండు గీతలు కూడా గీశావు. నేనైతే ముందు ఒకటి అడుగుతాను: మార్చమంటున్నది ఎవరు, వాడికి ఏం కావాలి?

ఆర్వెల్ ‘యానిమల్ ఫామ్’నే చూడు. జంతువుల మీద పెత్తనానికొచ్చిన పందుల ముఖాలు, మనుషుల ముఖాలు తేడా తెలియకుండా పోవడంతో నవల ముగుస్తుంది, అంతకంటే చల్లటి ముగింపు నేను చదవలేదు. 1954లో కార్టూన్ సినిమాగా తీసినప్పుడు మిగతా జంతువులన్నీ ఏకమై పందుల మీద తిరగబడ్డట్టు మార్చారు. ఆ సినిమా డబ్బు వెనక సీఐఏ ఉందని చాలా ఏళ్ళకి బయటపడింది. ఆర్వెల్ 1950లోనే పోయాడు, అడిగేవాడు లేడు. 1956లో ఆయనదే ‘1984’ తీశారు, దానికి రెండు ముగింపులు. వాటిలో ఒకదాంట్లో కథానాయకుడు విన్‌స్టన్ చివరిదాకా లొంగకుండా, నియంత బిగ్ బ్రదర్‌కి వ్యతిరేకంగా అరుస్తూ తూటాలకి పడిపోతాడు. పుస్తకంలో విన్‌స్టన్ ఓడిపోయే పద్ధతి నీకు గుర్తుంది కదా, కళ్ళనీళ్ళతో బిగ్ బ్రదర్‌ని ప్రేమించడం? ఆ ఓటమిని తీసేసి వీరమరణం పెడితే ఇంక ఆ పుస్తకంలో ఏం మిగిలింది!

‘బ్లేడ్ రన్నర్’ సంగతి ఇంకా తమాషా. ఫిలిప్ కె. డిక్ నవలకీ ఆ సినిమాకీ పోలిక అంతంత మాత్రమే, గొర్రె పోయింది, కొత్త మతం పోయింది, పేరు కూడా ఇంకెవరి పుస్తకం నుంచో కొనుక్కున్నారు. డిక్ 1982 మార్చిలో పోయాడు, సినిమా జూన్‌లో వచ్చింది. ప్రివ్యూలు చూసినవాళ్ళకి సరిగ్గా అర్థం కాలేదని స్టూడియోకి టెన్షన్ పట్టుకుని, కథానాయకుడి గొంతుతో వ్యాఖ్యానం పెట్టించింది, చివర్లో ఇద్దరూ కారులో పచ్చటి కొండల మధ్య హాయిగా వెళ్ళిపోయినట్టు అతికించింది. ఆ కొండలు ఎక్కడివనుకున్నావ్? కూబ్రిక్ తన దయ్యాల హోటల్ సినిమా ‘ద షైనింగ్’ కోసం హెలికాప్టర్ నుంచి తీసి, వాడకుండా మిగిలిపోయిన ముక్కలు! సినిమా అంతా వాన, చీకటి, పొగ. చివర్లో దయ్యాల హోటల్‌కి వెళ్ళే దారి. నవ్వాలో ఏడవాలో తెలియదు. 1992లో రిడ్లీ స్కాట్ వెర్షన్ వచ్చినప్పుడు ఆ వ్యాఖ్యానమూ పోయింది, ఆ కొండలూ పోయాయి. నిర్మాత చెప్పినదాన్ని దర్శకుడు పదేళ్ళకి చెరిపేసిన కేసు ఇది, నీకు బాగా నచ్చుతుంది.

‘ఎ క్లాక్‌వర్క్ ఆరెంజ్’ విషయంలో తప్పు సినిమావాళ్ళది కూడా కాదు. బర్జెస్ రాసింది 21 అధ్యాయాలు. అమెరికాలో అచ్చేసినవాళ్ళు ఆఖరిది తీసేశారు. కూబ్రిక్ 1971లో ఆ అమెరికన్ ప్రతినే పట్టుకుని తీశాడు. చివర్లో కథానాయకుడు, రౌడీ కుర్రాడు అలెక్స్‌కి వయసొచ్చి, ఆ దౌర్జన్యమంతా విసుగనిపించి, పెళ్ళాం పిల్లలు కావాలనుకునే అధ్యాయం సినిమాలో లేదు. ఇక్కడ మాత్రం నేను రచయిత పక్షం కాదు, తిట్టుకో. ఆ అధ్యాయం లేకపోతేనే కథకి కోర ఉంది. అంటే ‘ఉన్నది ఉన్నట్టు’ తీస్తానంటావు కదా, ఏ ఉన్నది? ఏ ప్రతిలో ఉన్నది?

టెర్రీ గిలియం ‘బ్రెజిల్’ గురించి నీకు చెప్పానో లేదో. 1985. ఆయన ‘1984’ చదవనే లేదట! గాలిలో ఉన్నదాన్ని పట్టుకున్నాడంతే. ఒకప్పుడు దానికి ‘1984½’ అని పేరు పెడదామనుకున్నాడు. ఒక పురుగు టైపు చేసే యంత్రంలో పడి ‘ట్’ అక్షరం ‘బ్’ అవుతుంది, టటిల్ అనేవాడి బదులు బటిల్ అనే అమాయకుడిని పట్టుకుపోతారు, వాడు చచ్చిపోతాడు. ఆ తర్వాత ఆఫీసులో అందరి బాధా ఒకటే, రసీదు ఎవరు తీసుకోవాలి, ఎక్కువ వసూలు చేసిన డబ్బు ఎలా తిరిగివ్వాలి. చదివి తీసిన 1956 సినిమాకంటే చదవని ఈయన సినిమాలోనే ఆర్వెల్ ఎక్కువ కనిపిస్తాడు నాకు. యూనివర్సల్ స్టూడియో పెద్దాయన సిడ్ షైన్‌బర్గ్‌కి చివర నచ్చలేదు, ప్రేమ గెలిచినట్టు కుదించి వేరే కట్ తయారు చేయించాడు. గిలియం ఊరుకుంటాడా? ‘వెరైటీ’ పత్రికలో పేజీ మొత్తం కొని, మధ్యలో ఒక్క ప్రశ్న వేయించాడు: షైన్‌బర్గ్ గారూ, నా సినిమా ఎప్పుడు విడుదల చేస్తారు అని. మిగతా పేజీ అంతా ఖాళీ. లాస్ ఏంజెలెస్ విమర్శకులు అమెరికాలో ఇంకా విడుదలే కాని సినిమాకి ఆ ఏడాది ఉత్తమ చిత్రం అవార్డు ఇచ్చేశారు. ఇక స్టూడియో వదలక తప్పలేదు. ఇది చదివి నువ్వు కూడా ప్రకటన వేయించాలని లేవకు, మన దగ్గర పేజీ కొనే డబ్బుల్లేవు.

మర్చిపోయేలోపు ఇంకోటి రాసేయాలి. 1984లో మైకేల్ రాడ్‌ఫర్డ్ ‘1984’ తీశాడు. నవల్లో చెప్పిన ఊళ్ళో, చెప్పిన నెలల్లో, లండన్‌లో ఏప్రిల్ నుంచి జూన్ దాకా. ఫిల్ము కడిగేటప్పుడు వెండి పూర్తిగా పోకుండా ఉంచేసి రంగుల్ని పాలిపోయేలా చేశారు, కెమెరా రోజర్ డీకిన్స్‌ది. అందులో విన్‌స్టన్ జాన్ హర్ట్. ఎముకలు కనిపించే ముఖం, పెద్ద తెర కింద నిలబడి పైకి చూస్తూ ఉంటాడు. ఇరవై ఏళ్ళ తర్వాత ‘వి ఫర్ వెండెటా’లో నియంత ఎవరనుకున్నావ్? అదే జాన్ హర్ట్! గోడంత తెర మీద ఆ ముఖమే, పళ్ళ సందులు కూడా కనిపించేంత దగ్గరగా, కింద కూర్చున్నవాళ్ళ మీద అరుస్తూ. తెర కింద నిలబడినవాడినే తీసుకొచ్చి తెర మీద కూర్చోబెట్టారు. ఆ పాత సినిమా చూసినవాడికి వెన్నులో ఏదో పాకుతుంది, చూడనివాడికి ఉత్త విలన్. వెనకాల వచ్చిన దర్శకులు పుస్తకాల నుంచి తీసుకున్నదానికంటే ముందటి సినిమాల నుంచి ఎక్కువ తీసుకున్నారని నాకెప్పటినుంచో అనుమానం, హర్ట్ ముఖం చూశాక అది తీరిపోయింది. ఆ కథ కామిక్స్ రాసిన అలన్ మూర్ తన పేరే వేయొద్దన్నాడు, వేయలేదు. ఆయన కోపం ఆయనది, న్యాయమైనదే.

క్వారోన్ ‘చిల్డ్రన్ ఆఫ్ మెన్’ నువ్వు చూశావు, పుస్తకం చదవలేదు కాబట్టి ఒట్టుకి భంగం లేదు. లోకంలో పిల్లలు పుట్టకపోవడానికి పి.డి. జేమ్స్ 1992 నవల్లో లోపం మగవాళ్ళది, సినిమాలో ఆడవాళ్ళది. నవల్లో పుట్టేది కొడుకు, సినిమాలో కూతురు. నవల్లో కథానాయకుడు థియో బతికి, అధికారపు ఉంగరం వేలికి తొడుక్కుంటాడు, దానర్థం ఏమిటో అని మనల్ని భయపెట్టి వదిలేస్తుంది ఆవిడ. సినిమాలో పడవలోనే పోతాడు. బిడ్డ తల్లిని శరణార్థిని చేశాడు క్వారోన్, అది నవల్లో లేదు. ఇన్ని మార్చినా ఎవరికీ ద్రోహం అనిపించదు, ఎందుకంటే... గుర్తుందా, ఆ శిథిలమైన భవనంలో బిడ్డ ఏడుపు విని తుపాకులు ఆగిపోవడం? సైనికులు దారి ఇస్తారు, కొందరు మోకాళ్ళ మీద కూర్చుంటారు. తల్లీబిడ్డా బయటికి వెళ్ళగానే ఒక పేలుడు, అందరూ మళ్ళీ మొదలుపెడతారు. పిల్లలు పుట్టని లోకమంటే ఏమిటో ఆ కొద్ది నిమిషాల్లో తెలిసినంతగా... దీని గురించి ఇంకా రాయాలి, నవల ప్రతి నీకు పంపిస్తా, చదివాక మాట్లాడుకుందాం.

నీ నిర్మాత ముగింపు ఎందుకు మార్చమన్నాడో నువ్వు రాయనేలేదు, చూశావా? జనం నిరాశపడి బయటికొస్తారనా? అయితే అది ‘షైనింగ్’ కొండల కేసు, ససేమిరా ఒప్పుకోకు. అలా కాకుండా కథలో ఆ ముసలమ్మ ఒంటరిగా మిగిలిపోవడం ఆయన తట్టుకోలేకపోయాడేమో కనుక్కో. నువ్వు ఆయన్ని ఎంత ఆడిపోసుకున్నా, ఆయన కథ మూడుసార్లు చదివాడని నువ్వే రాశావు. మూడుసార్లు చదివినవాడి మాట ఒకసారి వినచ్చు. పైగా ఆ కథ రాసినాయన బతికే ఉన్నాడు కదరా, వెళ్ళి అడుగు! ఆర్వెల్‌కీ, డిక్‌కీ లేని అవకాశం. ఏమో, ఆయన కూడా ఇన్నాళ్ళూ ఆ ముసలమ్మ గురించి నిద్రపట్టక…

అయ్యో, కింద బండివాడు హారన్ మీద హారన్ కొడుతున్నాడు, నేనింకా చొక్కా కూడా మార్చుకోలేదు. వెర్నర్ ఆఖరి సీనుకి ముందు కావాలని జుట్టు కత్తిరించుకొచ్చాడని చెప్పుకునే కథ మళ్ళీ రాస్తాను. ఒట్టు పక్కనపెట్టి త్రూఫో సినిమా చూడు, పోలీసులు ఎగిరే సీను వచ్చినప్పుడు కళ్ళు మూసుకో. స్క్రిప్టు పంపు, రెండు ముగింపులూ పెట్టి పంపు. వెళ్ళాలి.

నీ
క్లాప్‌బాయ్